చదివి వినిపించిన పిదపే

పోలీసు ఠాణాకు వెళ్ళి నోటితో ఫిర్యాదు చెప్పుకొనేవారి విషయంలో మన చట్టం ఒక నియమం పెట్టింది. అధికారి ఆ మాటలను కాగితం మీద పెట్టాలి. పెట్టినదాన్ని చెప్పినవారికి చదివి వినిపించాలి. సంతకమైనా వేలిముద్రైనా ఆ తరువాతే. పాత నేర విచారణ స్మృతి 154వ సెక్షన్‌లో ఉన్న ఈ నియమం, 2024 జులై 1న అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్‌లోనూ నిలిచింది. వీలునామాలు, క్రయ దస్తావేజులు రాసేవారికీ ఈ మర్యాద తరతరాలుగా తెలుసు. చదువు రానివారిచేత నిశాని వేయించేముందు పత్రమంతా పైకి చదవడం, విన్నవారు సరేనన్నాకే వేలికి సిరా అంటించడం మన ఊళ్ళలో పెద్దలు పాటించిన పద్ధతి. ఆ పద్ధతి తప్పి వేయించిన వేలిముద్ర న్యాయస్థానానికి వెళితే, పత్రంతో లాభపడినవాడే అవతలివారికి విషయం తెలిసిందని రుజువు చేసుకోవలసి వచ్చేది.

ఫోను తెరలను రూపొందించే యువతీయువకులారా, ఈ నియమం మీకూ వర్తిస్తుందని చెప్పడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. నేడు చదువు రానివారి వేలు కాగితం మీద కన్నా గాజు మీదే ఎక్కువగా పడుతోంది. పింఛనుకు, రేషన్ బియ్యానికి, ఉపాధి పని హాజరుకు, పంట నమోదుకు, గ్యాసు బండకు, డ్వాక్రా పొదుపుకు ఎక్కడో ఒకచోట తెర తాకక తప్పడం లేదు. తాకమన్న ప్రతిచోటా మీరు ఒక ఒప్పుదల అడుగుతున్నారు. చదివి వినిపించకుండా అడుగుతున్నారు.

చట్టం కూడా ఇక్కడ సగం దూరమే నడిచింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, సమ్మతి కోరే మాట స్పష్టంగా, సరళంగా ఉండాలి. ఇంగ్లీషులో గాని, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలో గాని చూసుకొనే వీలు ఉండాలి. తెలుగు ఆ షెడ్యూలులో ఉంది, సంతోషమే. కాని తెలుగు చదవలేని తెలుగు తల్లికి తెలుగులో రాసి పెట్టడంవల్ల ఒరిగేదేమిటి? చట్టం ఎక్కడ ఆగిందో అక్కడినుంచి నడవవలసిన బాధ్యత మీది. చట్టం అడగనంతమాత్రాన ధర్మం అడగడం మానదు.

ఈ మనుషులు ఎందరో, ఎవరో ముందు తెలుసుకోండి. 2011 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏడేళ్ళు పైబడినవారిలో అక్షరాస్యులు 67 శాతం, స్త్రీలలో 59 శాతం. అంటే ముగ్గురిలో ఒకరికి అక్షరం రాదు. అది కూడా ఇంటివారు చెప్పిన మాటను బట్టి రాసుకొన్న లెక్కే గాని, ఎవరి చేతా చదివించి చూసినది కాదు. సంతకం మాత్రం నేర్చినవారు, బస్సు బోర్డును కూడబలుక్కొనేవారు, చిన్ననాడు నాలుగో తరగతిలో బడి మాని ముప్పై ఏళ్ళుగా అక్షరం ముఖం చూడనివారు ఆ లెక్కలో చాలావరకు అక్షరాస్యుల పక్షానే చేరిపోతారు. మీ తెర ముందు తడబడేవారు వీరందరూ.

చదువు రాకపోవడాన్ని బుద్ధి లేకపోవడంగా ఎన్నడూ భావించకండి. చీటీ పాటలో ఎవరికెంత వస్తుందో నోటిలెక్కన చెప్పగలవారు వీరు. ఏ ఏడు ఏ చేను ఎన్ని బస్తాలు పండిందో, ఎవరి దగ్గర ఎంత వడ్డీకి తెచ్చారో కాగితం లేకుండా గుర్తుంచుకొన్నవారు. నెల్లూరు జిల్లా దూబగుంటను తలచుకోండి. 1990ల తొలినాళ్ళలో అక్షరాస్యతా ఉద్యమం రాత్రి బడులు పెడితే, పగలంతా కూలికి పోయి వచ్చి పలక పట్టిన ఆడవాళ్ళు, సారాను గురించిన పాఠం దగ్గర ఆగి తమ బతుకును చూసుకొన్నారు. మరుక్షణం నుంచే వారి మాట బడి దాటింది. ఊళ్ళో సారా దుకాణాన్ని అడ్డుకొన్నారు. ఆ ఊరి పంతం జిల్లాకూ, జిల్లా నుంచి రాష్ట్రానికీ పాకింది. 1993 అక్టోబర్ 1 నుంచి సారాను నిషేధించక ప్రభుత్వానికి తప్పలేదు. అంతటి వివేకం కలవారు మీ యాప్ ముందు కూర్చొని "నాకు రాదు బాబూ" అని తలవంచుకొంటే, ఆ తలవంపు ఎవరిది?

మన దేశం ఈ పరీక్షను ఒకసారి గొప్పగా నెగ్గింది. 1951 జనగణన నాటికి చదవను, రాయను వచ్చినవారు నూటికి పద్దెనిమిది మంది. ఆ ఏడే తొలి సార్వత్రిక ఎన్నికలు మొదలై 1952 ఫిబ్రవరి దాకా సాగాయి. పదిహేడు కోట్లకు పైగా ఓటర్లు. చదువు వచ్చినవారికే ఓటు చాలునని వాదించినవారూ ఆనాడు లేకపోలేదు. రాజ్యాంగం ఆ మాట వినలేదు. అప్పుడు ప్రధాన ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్ నాయకత్వంలో పనిచేసినవారు ఓటరుకు పరీక్ష పెట్టలేదు, పోలింగు పద్ధతినే ఓటరుకు తగినట్టు మలిచారు. ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె పెట్టి, పెట్టె మీద గుర్తు అంటించారు. కాడి మోసే ఎద్దుల జత, కంకి కొడవలి, దీపం, గుడిసె. ఓటరు గీత గీయనక్కరలేదు, ముద్ర వేయనక్కరలేదు. మెచ్చిన గుర్తున్న పెట్టెలో కాగితం వేసి వస్తే చాలు.

ఆ గుర్తులను నిదానంగా చూడండి. ప్రతి ఒక్కటీ పొలంలోనో వాకిట్లోనో అందరూ కళ్ళారా చూసిన వస్తువు. ఏదీ ఇంకొకదానిలా ఉండదు. మసక చూపుకైనా, మొదటిసారి చూసేవారికైనా పోల్చుకోవడం కష్టం కాదు. ఇప్పుడు మీ తెర మీది బొమ్మలను వాటి పక్కన పెట్టండి. మూడు అడ్డగీతలు, మూడు చుక్కలు, పళ్ళచక్రం, మూలన వంగిన బాణం. ఇవి ఎవరి వాకిట్లో ఉన్నాయి? దాచుకోవడానికి గుర్తుగా పెట్టిన ఫ్లాపీ బిళ్ళను నేటి పట్టభద్రుడు కూడా చూసి ఉండడు. కొత్త గుర్తు పెట్టకూడదని నేననను. పెట్టేముందు, దాన్ని ఎరగనివారికి అది తనంతట తాను ఏం చెబుతుందో అడిగి చూడండి.

ఆ ఓటు పద్ధతిలో మరో మేలు తరువాతి కాలంలో చేరింది. ఇప్పుడు ఓటింగు యంత్రం పక్కనున్న వీవీప్యాట్‌లో, బటన్ నొక్కగానే మీరు ఎన్నుకొన్న గుర్తు ఏడు సెకన్లపాటు అద్దం వెనుక కనిపించి పెట్టెలో పడుతుంది. అక్షరం రానివారు కూడా తాము చేసిన పని తాము అనుకొన్న పనేనని తమ కంటితో తేల్చుకోగలరు. ఇంత పెద్ద దేశంలో ఇన్ని కోట్ల మందికి ఇది చేతనైనప్పుడు, ఒక చిన్న ఫోనులో చేతకాదని అనడానికి వీల్లేదు.

ఈ దారిలో మనకంటే ముందు నడిచి చూసినవారు ఉన్నారు. రెండు వేల సంవత్సరం తరువాతి తొలి దశకంలో బెంగళూరు మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో ఇంద్రాణి మేధి, ఆమె సహచరులు ఆ నగరపు మురికివాడల్లో ఇళ్ళలో పనిచేసే స్త్రీల దగ్గర కూర్చొని, పని వెతుక్కొనే ఒక తెరను అక్షరాలు లేకుండా తయారుచేశారు. గిన్నెలు తోమే పనికి ఉత్త తొట్టి బొమ్మ వేస్తే అది పని అని ఎవరికీ తట్టలేదు. కుళాయి నుంచి నీళ్ళు పడుతున్నట్టు వేస్తే తట్టింది. వస్తువును చూపితే వస్తువే కనిపిస్తుంది, జరుగుతున్న పనిని చూపితే పని కనిపిస్తుంది. ఈ ఒక్క మాట పట్టుకొంటే మీ తెరలోని సగం బొమ్మలు మార్చుకోవలసి వస్తుంది.

వారే 2007లో మరో అధ్యయనం చేశారు. పదమూడు రోగలక్షణాలను తీసుకొని, రాతగా, గీసిన బొమ్మగా, ఫొటోగా, కదిలే బొమ్మగా, వీడియోగా, ఒక్కొక్కదాన్ని మాటతోనూ మాట లేకుండానూ, రెండు వందల మంది నిరక్షరాస్యులకు చూపారు. మాట తోడైతే త్వరగా గ్రహించారు. కాని కంటికొకటి, చెవికొకటి ఒకేసారి అందితే కొందరు తికమకపడ్డారు. వీడియో గొప్పది, బొమ్మ తక్కువది అన్న తీర్పూ నిలవలేదు. ఎక్కువ చూపితే ఎక్కువ అర్థమవుతుందని పొంగిపోయేవారికి ఇది హెచ్చరిక. బొమ్మలు నింపి, వాటిని ఊపి, సంగీతం కలిపి, చదువు రానివారికి మేలు చేశామని తృప్తిపడకండి.

ఇంకొక సంగతి. బడికి వెళ్ళనివారికి అక్షరం ఒక్కటే కాదు, బడి నేర్పే వర్గీకరణ కూడా కొత్తే. పెద్ద శీర్షిక కింద చిన్న శీర్షిక, దాని కింద మరొకటి, ఇలా ఒకదానిలో ఒకటి దాచిపెట్టడం మనకు పుస్తకాల విషయసూచికల నుంచి అలవాటైంది. బొమ్మలతోనే కట్టిన తెరలో కూడా, లోతుగా గదులు పెడితే చదువు తక్కువైనవారు దారి తప్పుతారని ఆ బృందమే తరువాత చూసింది. వంటింట్లో పోపుల పెట్టె మూత తీస్తే ఆవాలు, మెంతులు, ఎండుమిరప అన్నీ ఒక్కచూపులో ఉంటాయి. మీ తెర కూడా అలా ఉండాలి. ఉన్నవి తక్కువగా ఉండాలి, ఉన్నవన్నీ కనబడాలి, నిన్న ఎక్కడుందో రేపూ అక్కడే ఉండాలి. కొత్త వెర్షను పేరుతో చోట్లు మార్చి వేయకండి. మీకది నాలుగు రోజుల అలవాటు. చోటును బట్టి గుర్తుపట్టి నేర్చుకొన్నవారికి అది ఉన్న చదువంతా ఒక్క రాత్రిలో చెరిపివేయడం.

ఇక డబ్బు దగ్గరికి వద్దాం. అన్నిటికంటె పాపం జరిగే చోటు ఇదే కాబట్టి ఇక్కడ కాస్త నిలవాలి.

ఐదు వందలకూ ఐదు వేలకూ మధ్య తెర మీద ఒక్క సున్నా తేడా. చేతిలో నోట్లు ఉన్నప్పుడు ఆ తేడాను రంగు చెప్పేది, కట్ట మందం చెప్పేది. ఫోను ఆ రంగును, ఆ మందాన్ని తీసేసి ఉత్త అంకెలు మిగిల్చింది. తిరిగి ఇవ్వడం మీ చేతిలో పని. పంపబోయే మొత్తాన్ని నోట్ల బొమ్మలుగా చూపండి, ఎన్ని ఐదు వందల నోట్లో, ఎన్ని వంద నోట్లో. ఆ పైన పలికించండి: "లక్ష్మమ్మకు పదిహేను వందల రూపాయలు పోతున్నాయి." పోతున్నాయి అన్న మాట ముఖ్యం. డబ్బు వస్తుందని నమ్మించి, పోయే బటన్ నొక్కించి, పిన్ కొట్టించిన మోసాలు ఎన్ని ఇళ్ళను ముంచాయో మీకు తెలుసు. డబ్బు పుచ్చుకోవడానికి పిన్ అక్కరలేదన్న చిన్న నిజం, రాతలో ఉన్నందువల్లే, చదవలేనివారికి అందలేదు. యూపీఐలో ఒక వ్యక్తి మరొకరికి అలా డబ్బు అడిగే అభ్యర్థన పంపే దారినే 2025 అక్టోబర్ 1 నుంచి ఆ వ్యవస్థను నడిపే ఎన్‌పీసీఐ మూయించింది. జాగ్రత్తగా ఉండండని పోస్టర్లు వేయడం కంటె, ప్రమాదమున్న తలుపును తీసేయడం గొప్ప పని. ఆ తీర్పు మీరు కూడా మీ తెరల మీద చేయగలరు.

కిరాణా కొట్లో, టీ బండి మీద ఉండే సౌండ్‌బాక్స్‌ను చూడండి. ఎంత డబ్బు పడిందో తెలుగులో పైకి చెబుతుంది. చదువు రాని కూరగాయలమ్మికి అది దొంగ స్క్రీన్‌షాట్ల నుంచి రక్షణ. అమ్మేవారికి మాట ఇచ్చినవారు కొనేవారికి ఎందుకు ఇవ్వకూడదు? పుచ్చుకొన్నాక పలికే గొంతు, ఇచ్చేముందు కూడా పలకాలి. 2022 మార్చి 8న రిజర్వు బ్యాంకు ప్రారంభించిన యూపీఐ 123పేలో, బటన్ ఫోను ఉన్నవారు సైతం కాల్ చేసి, విని, మీటలు నొక్కి డబ్బు పంపగలరు. అంత చిన్న ఫోను పలకగలిగినప్పుడు, పదిహేను వేల రూపాయల స్మార్ట్‌ఫోను మౌనంగా ఉండడానికి కారణం చెప్పండి.

పలికించేటప్పుడు ఒక మర్యాద తప్పవద్దు. ఖాతాలో ఎంతుందో బస్సులో అందరికీ వినిపించేలా చెప్పే ఫోను మేలు చేయదు. భర్త కంటపడకుండా పిల్ల చదువుకు దాచుకొన్న నాలుగు వేలు ఆ గొంతు వల్ల పోవచ్చు. వాట్సాప్‌లో మాట సందేశం వినేటప్పుడు ఫోనును చెవికి ఆనిస్తే గొంతు లోపలికి మారుతుంది కదా, ఆ సదుపాయం ప్రతి డబ్బు తెరకూ ఉండాలి. ఫోను చెవికి పెట్టుకోవడం ఎవరికీ నేర్పనక్కరలేని పని. వారు తిరిగి మాట్లాడేటప్పుడు కూడా, పత్రికల తెలుగు ఒక్కటే వినే చెవిని పెట్టకండి. శ్రీకాకుళం, పాలమూరు, అనంతపురం గొంతులు మూడూ మూడు రకాలు. అర్థం కాలేదని యంత్రం మూడుసార్లు అంటే, నాలుగోసారి ఆ మనిషి తన యాసనే తప్పనుకొంటుంది.

ఓటీపీ అనే ఆరు అంకెలకు గడువు పెట్టి, ఆ గడువు తరుగుతున్నట్టు తెర మీద చూపడం గురించి నేను శాంతంగా రాయలేను. అంకెలు ఒక్కొక్కటే పోల్చుకొని నొక్కేవారికి ఆ పరుగు భయం. భయపడినవారు ఫోనును పక్కవారి చేతిలో పెడతారు. రహస్యం అక్కడే పోతుంది. గడువు ఉండవలసిందే అనుకొంటే పొడిగించండి. యంత్రమే చదువుకోగల అంకెలను మనిషిచేత చదివించకండి.

పక్కవారు అన్నాను. నిజానికి మన ఊళ్ళలో చాలా ఫోన్లు ఇద్దరి చేతుల్లో నడుస్తాయి. మనవడు, పొదుపు సంఘం లీడరు, మీసేవ కేంద్రంలో కుర్రవాడు. ఈ సాయాన్ని తప్పుగా చూడకండి, అది మన సమాజపు మంచితనం. కాని సాయం చేసేవారి చేతికి పిన్ కూడా పోయేలా మీరే కట్టారు. పని అంతా సాయం చేసేవారు నింపగలగాలి, చివరి ఒప్పుదల మాత్రం ఫోను సొంతదారు చెవికే వినబడి, సొంతదారు వేలితోనే జరగాలి. జరిగినదాన్ని తరువాత ఎప్పుడైనా ఒక్క మీట నొక్కి మళ్ళీ వినగలగాలి.

మాట పెట్టామని అక్షరాన్ని తీసేయకండి. ఇది గట్టిగా చెబుతున్నాను. దూబగుంట స్త్రీలకు కావలసింది బొమ్మల పుస్తకం కాదు, వారు పలకే పట్టారు. 1996లో అహ్మదాబాద్ ఐఐఎంలో బ్రిజ్ కొఠారీ ఒక ఆలోచన చేశారు. టీవీలో పాట వినబడేటప్పుడు అదే భాషలో అదే పాట మాటలు కింద కనబడుతూ, పలికిన చోటల్లా రంగు మారుతూ ఉంటే, వచ్చీరాని చదువు మెల్లగా గట్టిపడుతుందని. మీ తెర పలికే ప్రతి మాటా కింద పెద్ద తెలుగు అక్షరాల్లో ఉండాలి, పలికినప్పుడు వెలగాలి. మన లిపికి వత్తులు కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి. ఇంగ్లీషు వరుసకు సరిపోయిన ఎత్తులో దాన్ని ఇరికిస్తే వత్తు తెగుతుంది, వత్తు తెగితే వచ్చీరాని చదువుకు మాటే పోతుంది.

ఇంత చేయడానికి ఖర్చవుతుంది, ఆలస్యమవుతుంది అని మీ పైవారు అంటారు. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, కళ్ళు ఆర్పలేక ఈ-కేవైసీ చేయించుకోలేకపోయిన యాసిడ్ దాడి బాధితుల కేసులో, డిజిటల్ సేవలను అందుకోగలగడం ఆర్టికల్ 21 ఇచ్చిన జీవించే హక్కులో భాగమని చెప్పింది. మీ పైవారికి ఆ మాట చెప్పండి. అప్పటికీ వినకపోతే, ఆ తెర గీయడానికి మీ చేయి ముందుకు రానివ్వకండి.

పని ముగించేముందు ఊరికి వెళ్ళండి. మీ కార్యాలయంలో ఊడ్చే అమ్మనొక్కరినే పిలిచి చూపించి చాలనుకోవద్దు. ఊరికి వెళ్ళి, పోగొట్టిన పూటకు కూలి ముందే చేతిలో పెట్టి, అరుగు మీద పక్కన కూర్చోండి. ఎదురుగా నిలబడకండి. "అర్థమైందా?" అని అడగకండి. చదువుకొన్నవాళ్ళు ఇంత దూరం వచ్చి అడిగితే, మర్యాదకొద్దీ అర్థమైందనే అంటారు. ఫోను చేతికిచ్చి ఊరుకోండి. వేలు ఎక్కడ ఆగిందో, ఎక్కడ మీ ముఖం వైపు చూశారో రాసుకోండి. అయిపోయాక, ఇప్పుడు ఏం జరిగిందో మీ మాటల్లో చెప్పమ్మా అని అడగండి. ఆమె చెప్పిన దానికీ, మీ యాప్ చేసిన దానికీ తేడా ఉంటే విడుదల ఆపండి. మార్చి, మళ్ళీ వారం అదే ఊరికి వెళ్ళి, ఈసారి మునుపు ఆ తెరను చూడని మరొకరికి ఇవ్వండి. ఆమెకూ కూలి ఇవ్వండి.